బంకు, ట్యాంకరు, డిపో: పెట్రోలు పనిలో ఉన్నవాళ్ల ఆరోగ్యం కాపాడటానికి సమగ్ర మార్గదర్శి

కోనసీమలోని పాశర్లపూడిలో 1995 జనవరిలో అంటుకున్న గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న అదే కోనసీమలో నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. చమురు, గ్యాస్ అనగానే మన కోస్తా జిల్లాల వాళ్లకు గుర్తొచ్చేవి ఇవే. అందుకే కొండపల్లి డిపోల గేటు దగ్గర అగ్గిపెట్టె, సెల్‌ఫోన్ కోసం జేబులు తడిమి చూస్తారు. అదే గేటు లోపల పదిహేనేళ్లుగా ట్యాంకరెక్కి పైనున్న డోమ్ మూత తెరుస్తున్న క్లీనరుకు రక్తకణాలు ఎన్ని ఉన్నాయని మాత్రం ఎవరూ అడగరు.

మంట నుంచి కాపాడటం, జబ్బు నుంచి కాపాడటం రెండు వేర్వేరు పనులు. మొదటిది బాగా చేస్తున్నాం కదా అని రెండోదీ అయిపోయినట్టే అనుకోవడం ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల బంకు నడిపేవాళ్లు, ట్యాంకరు ఓనర్లు, డిపోలకు మనుషుల్ని పంపే కాంట్రాక్టర్లు, ఆటోనగర్‌లో ట్యాంకులు బాగుచేసే షెడ్ల యజమానులు, వీళ్లందరి కోసం ఇది రాస్తున్నాను. పనివాళ్లు కూడా చదవాలి, ఎందుకంటే ఇందులో చాలావరకు వాళ్లు అడిగి తీసుకోవాల్సినవే.

1. ముందు ఒక షిఫ్టంతా నిలబడి చూడండి

కాగితం మీద "హజార్డ్" జాబితాలు నింపే ముందు, ఒక నోట్‌బుక్ పట్టుకుని పని జరిగే చోట ఒక పూర్తి షిఫ్టు గడపండి. ఎవరి ముఖం ఎప్పుడు ఆవిరికి దగ్గరగా వెళ్తోంది, ఎవరి చేతులు ఎంతసేపు తడిసి ఉంటున్నాయి, ఎవరు ఎండలో ఎంతసేపు ఉంటున్నారు అనేది రాసుకోండి. హోదాల వారీగా రాయకండి, పనుల వారీగా రాయండి. "సేల్స్‌మ్యాన్" అని రాస్తే ఏమీ తెలియదు. "ఉదయం పెట్రోలు డెన్సిటీ (సాంద్రత) చూడటం", "ట్యాంకరు దింపుకోవడం", "ఫుల్ ట్యాంక్ కొట్టడం" అని రాస్తే అన్నీ బయటపడతాయి.

ఒక్క పనిని దగ్గరగా చూద్దాం. ట్యాంకరు బంకులోకి వచ్చింది. క్లీనరు నిచ్చెనెక్కి సీలు చూపించి డోమ్ మూత తిప్పాడు. మూత లేవగానే లోపలి ఒత్తిడి సుయ్‌మని బయటికొస్తుంది. మే నెల ఎండలో ఆ రంధ్రం పైన గాలి నీళ్లలా కదులుతూ కళ్లకే కనిపిస్తుంది. అతను లోతు కొలిచే డిప్ రాడ్ దించి, పైకి తీసి, గీత ఎక్కడుందో చదవడానికి వంగుతాడు. మేనేజరు కూడా పక్కనే వంగుతాడు. ట్యాంకరు లోపలి గదుల్లో (చాంబర్లు) ఒకటి అయ్యాక ఇంకోటి. ఆ కొద్ది నిమిషాల్లో పీల్చేది మిగతా షిఫ్టంతా పీల్చిన దానికన్నా ఎక్కువ ఉండొచ్చు. ఇలాంటి ఘడియలు ప్రతి పనిలోనూ కొన్ని ఉంటాయి. మీ నోట్‌బుక్‌లో తేలాల్సింది అవే.

2. ఏది ఏం చేస్తుందో తెలుసుకోండి

పెట్రోలులో సీసం 2000లోనే పోయింది కాబట్టి ఇక భయం లేదనే మాట ఇప్పటికీ వింటుంటాం. సీసం పోయిన మాట నిజమే, బెంజీన్ మాత్రం ఉంది. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 పెట్రోలులో బెంజీన్ పరిమాణం 1 శాతం వరకు ఉండొచ్చు. 12,000 లీటర్ల ట్యాంకరులో అది 120 లీటర్ల దాకా అవుతుంది. బెంజీన్ ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. రక్తకణాలు తగ్గుతాయి, కొందరిలో ఏళ్ల తర్వాత రక్త క్యాన్సర్ వస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషులకు క్యాన్సర్ తెస్తుందని రుజువైన మొదటి వర్గంలో పెట్టింది. డీజిల్ ఇంజిన్ పొగను కూడా 2012లో అదే వర్గంలో చేర్చింది. లోడు కోసం లైన్లో నిలబడి గంటల తరబడి ఇంజిను ఆపని లారీల మధ్య తిరిగే వాళ్లకు ఇది నేరుగా వర్తిస్తుంది.

హైడ్రోజన్ సల్ఫైడ్ వేరే రకం శత్రువు. శుద్ధి చేసిన పెట్రోలు, డీజిలులో ఇది సమస్య కాదు. క్రూడ్, ఫర్నేస్ ఆయిల్, తారు ట్యాంకుల్లో, ట్యాంకు అడుగు మడ్డిలో, నూనె నీళ్లు వేరుచేసే గుంటల్లో ఉంటుంది. మొదట కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది. గాలిలో 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100 భాగాలు) దగ్గరికి చేరేసరికి కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారి వాసన తెలియడం మానేస్తుంది. "అన్నా, ఇందాక వచ్చిన వాసన పోయింది, దిగొచ్చు" అనే మాట అందుకే అంత ప్రమాదకరం. 500 దాటితే మనిషి నిమిషాల్లో కూలిపోతాడు, 1000 దాటితే దాదాపు అక్కడికక్కడే.

పెట్రోలు ఆవిరి, ఎల్‌పీజీ, హైడ్రోజన్ సల్ఫైడ్ మూడూ గాలికన్నా బరువైనవి. పైకి పోవు, గుంటల్లో, కాలువల్లో, ట్యాంకు అడుగున పేరుకుంటాయి. సీఎన్‌జీ గాలికన్నా తేలిక, పైకప్పు కింద చేరుతుంది. మీటరు ఎక్కడ పట్టాలో, ఫ్యాను ఎక్కడ పెట్టాలో ఈ తేడాయే చెబుతుంది.

3. కొలవండి, అయితే సరైన మీటరుతో

చాలా చోట్ల చేతిలో ఉండేది ఎల్‌ఈఎల్ మీటరు. గాలిలో ఆవిరి మంట అంటుకునే స్థాయికి ఎంత దగ్గరలో ఉందో అది చెబుతుంది. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు 1.4 శాతం చేరితే అంటుకుంటుంది. అంటే 14,000 పీపీఎం. మీటరు మీద 5 శాతం కనిపిస్తే "సేఫ్" అని పర్మిట్ మీద సంతకం పెడతారు. మంట లెక్కలో అది సరైనదే. కానీ 14,000లో 5 శాతం అంటే 700 పీపీఎం. అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఎనిమిది గంటల పనికి సూచించిన పెట్రోలు ఆవిరి హద్దు 300. మంట మీటరు పచ్చగా ఉన్న చోటే మనిషి హద్దుకు రెండింతలకు పైగా పీలుస్తున్నాడన్న మాట. బెంజీన్ సంగతి ఇంకా సూక్ష్మం. అక్కడి ప్రభుత్వ నియమం ప్రకారమే హద్దు 1 పీపీఎం. ఎల్‌ఈఎల్ మీటరుకు ఆ అంకె కనిపించనే కనిపించదు.

కాబట్టి రెండు పనులు చేయాలి. ఒకటి, ఆవిరిని పీపీఎంలో చూపే పీఐడీ మీటరును అద్దెకైనా తెచ్చి, మీ నోట్‌బుక్‌లో తేలిన ఘడియల్లో ముక్కు ఎత్తులో పట్టి చూడండి. రెండు, పారిశ్రామిక పరిశుభ్రత పరీక్షలు చేసే ల్యాబ్‌తో మాట్లాడి, పనివాడి కాలరుకు ఆవిరిని పట్టుకునే బొగ్గు గొట్టమో బ్యాడ్జో తగిలించి షిఫ్టంతా నమూనా తీయించండి. ఆవరణ మధ్యలో స్టాండు పెట్టి గాలి కొలిచి ఇచ్చే రిపోర్టు పర్యావరణ శాఖకు పనికొస్తుందేమో, డోమ్ మీద వంగిన మనిషి ఏం పీల్చాడో అది చెప్పదు. కొలత వేసవిలో ఒకసారి తప్పకుండా చేయించండి. ఎండ పెరిగేకొద్దీ ఆవిరీ పెరుగుతుంది. డిసెంబరులో కొలిచి మే నెలకూ అదే అంకె అనుకోకూడదు.

4. ఆవిరిని పుట్టిన చోటే ఆపండి

డిపోలో పైనుంచి గొట్టం దించి నింపే పద్ధతి కన్నా కింది నుంచి నింపే బాటమ్ లోడింగ్‌లో మనిషికీ ఆవిరికీ ముఖాముఖి తక్కువ. ట్యాంకరు ఓనరుగా మీ బండి దానికి సరిపడేలా ఉంటే, వాల్వులు, కప్లింగులు కారకుండా చూసుకోవడం మీ వంతు. బంకులో దింపేటప్పుడు ఆవిరి తిరిగి ట్యాంకరులోకే వెళ్లే రెండో పైపు ఉంటే దాన్ని ప్రతిసారీ తగిలించండి. ఆలస్యమవుతుందని పక్కన చుట్టిపెట్టడం మామూలైపోయింది. పెద్ద నగరాల్లో ఎక్కువ అమ్మకాలుండే బంకులకు నాజిల్ దగ్గరే ఆవిరి లాగేసే ఏర్పాటు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. మీ దగ్గర అది ఉంటే, పనిచేస్తోందో లేదో నెలకోసారి చూపించుకోండి.

ఖర్చు లేని మార్పులు ఇంకా ఎక్కువ ఉన్నాయి. మూత తెరిచాక ఒక నిమిషం ఆగి, గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబడి డిప్ చూడాలి. రాడ్‌ను నిటారుగా పైకి తీసి కళ్ల ఎత్తులో చదవాలి, ముఖాన్ని రంధ్రం మీదికి దించకూడదు. డెన్సిటీ జాడీని ఆఫీసు గదిలోకి తీసుకెళ్లకుండా బయట గాలిలోనే చూసి, పెట్రోలును వెంటనే ట్యాంకులో పోసేయాలి. నాజిల్ తనంతట తాను ఆగాక "ఇంకో యాభై రూపాయలకు రౌండ్ చేయి బాబూ" అని కస్టమర్ అడిగితే పట్టకూడదు. ఆ చివరి చుక్కల కోసమే ముఖం ట్యాంకు మూతి దగ్గరికి వెళ్తుంది. ఆ మాట కస్టమర్‌తో చెప్పాల్సింది పంపు దగ్గరి కుర్రాడు కాదు, యజమాని బోర్డు పెట్టించాలి.

ఆటోనగర్ షెడ్లలో గ్రీజు పోవడానికి చేతులు పెట్రోలుతో కడుక్కునే అలవాటు ఇంకా ఉంది. దయచేసి దీన్ని ఈ వారమే ఆపించండి. చర్మంలోని నూనె మొత్తం పోయి పగుళ్లొస్తాయి, ఆ పగుళ్లలోంచి బెంజీన్ ఇంకా సులువుగా లోపలికి పోతుంది. కొంచెం వంటనూనె రాసి గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడిగితే గ్రీజు పోతుంది. గొట్టంతో, నోటితో పెట్రోలు లాగడం ఇంతకన్నా ఘోరం. ఒక గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా లాంటి జబ్బు వచ్చి ప్రాణం మీదికొస్తుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు, పైకి వచ్చేటప్పుడు మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చేతిపంపు వందల్లోనే దొరుకుతుంది, ప్రతి షెడ్డులో ఒకటి ఉండాలి.

యూనిఫాం ఇంటికి వేసుకెళ్లనివ్వకండి. మార్చుకునే గది, సబ్బు, నీళ్లు పెట్టండి. తడిసిన చొక్కాతోనే ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకుంటే ఆ ఆవిరి పిల్లలకూ అందుతుంది. పంపుల మధ్య కూర్చుని క్యారియర్ విప్పడం కూడా మానిపించాలి. బంకుల్లో ఇప్పుడు ఆడవాళ్లు చాలామంది పనిచేస్తున్నారు. గర్భిణి అని తెలిసిన రోజే జీతం తగ్గించకుండా ఆమెను పంపు దగ్గర నుంచి మార్చాలి. జీతం తగ్గుతుందన్న భయం ఉంటే ఆమె ఆ సంగతి చెప్పదు.

5. ట్యాంకులోకి దిగే పని

2023 ఫిబ్రవరిలో కాకినాడ జిల్లా పెద్దాపురం దగ్గర రాగంపేటలో, వంటనూనె ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి ఏడుగురు చనిపోయారు. అది పెట్రోలు కూడా కాదు, వంటనూనె. మూసి ఉన్న ట్యాంకు ఏదైనా, లోపల గాలి ఎలా ఉందో కొలవకుండా దిగితే ఇదే జరుగుతుంది. ఇలాంటి ప్రమాదాల్లో పడిపోయిన వాడికోసం దిగిన వాళ్లే ఎక్కువగా పోతుంటారు. కాబట్టి ఈ మెట్టులో ఒక్క అడుగు కూడా దాటేయకండి.

లోపలికి మనిషి దిగకుండా పని అవుతుందా అని మొదట అడగండి. బయటి నుంచి నీటి జెట్‌తో కడగడం, మడ్డిని పంపుతో లాగడం వీలైతే ఇక దిగాల్సిన పనే లేదు. దిగక తప్పదంటే ట్యాంకుకు వచ్చే ప్రతి లైనునూ విడదీసి బ్లైండ్ (గొట్టాన్ని పూర్తిగా మూసే ఇనుప పలక) వేయాలి, వాల్వు మూస్తే చాలదు. ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, పేలుడుకు అవకాశం లేని బ్లోయరుతో గాలి ఆడించాలి. గ్యాస్ కటింగ్ సిలిండరు నుంచి ఆక్సిజన్ వదలడం ఎప్పుడూ చేయకూడదు. ఆక్సిజన్ 23.5 శాతం దాటితే ఒంటి మీది బట్ట కూడా భగ్గుమంటుంది.

తర్వాత కొలత. వరుస మారకూడదు: ముందు ఆక్సిజన్, తర్వాత ఎల్‌ఈఎల్, ఆ తర్వాత విషవాయువులు. ఆక్సిజన్ తక్కువగా ఉంటే చాలా ఎల్‌ఈఎల్ మీటర్లు తప్పు చూపిస్తాయి, అందుకే ఈ వరుస. గొట్టం దించి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు. ఎల్‌ఈఎల్ 10 శాతం దాటితే దిగనే కూడదు, 10 లోపున్నా పైన చెప్పిన ఆరోగ్య హద్దు లెక్క మరిచిపోకండి. వెల్డింగ్ అయితే సున్నా చూపించాలి, గ్యాస్ లేదని అర్హత ఉన్న వ్యక్తి ఇచ్చిన సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా రాడ్ వెలిగించకూడదు. అన్ని చాంబర్లూ చూడాలి. ఒక చాంబరులో వెల్డింగ్ చేస్తే పక్క చాంబరు వేడెక్కుతుంది. తుప్పు పొరల వెనక ఇంకిన పెట్రోలు వేడికి మళ్లీ ఆవిరవుతుంది. పొద్దున చూసిన కొలత మధ్యాహ్నానికి పనికిరాదు. మీటరు లోపలి మనిషి ఒంటిమీదే మోగుతూ ఉండాలి, టీ తాగొచ్చిన ప్రతిసారీ మళ్లీ కొలవాలి.

మ్యాన్‌హోల్ దగ్గర ఒకరు కదలకుండా ఉండాలి. ఆయనకు ఇంకో పని చెప్పకూడదు. లోపలి మనిషికి హార్నెస్, పైన ట్రైపాడ్, వించి ఉంటే బయటి నుంచే లాగొచ్చు. అన్న పడిపోయాడని తమ్ముడు దూకడం మన షెడ్లలో సహజం, ఎందుకంటే నిజంగా బంధువులే కలిసి పనిచేస్తుంటారు. పని మొదలుపెట్టే ముందే అందరి ముందూ ఒక మాట చెప్పించండి: "నేను పడిపోతే ఎవరూ దిగొద్దు, లాగండి." నోటితో ఒకసారి అన్న మాట ఆ గాభరాలో గుర్తొస్తుంది.

డిపోల్లో దీనికి ఓఐఎస్‌డీ (చమురు పరిశ్రమ భద్రత చూసే కేంద్ర సంస్థ) 105 ప్రమాణం ప్రకారం వర్క్ పర్మిట్, అంటే పనికి రాతపూర్వక అనుమతి, ఉంటుంది. ఆటోనగర్ షెడ్డులో అలాంటిది అడిగేవారే ఉండరు. అదే పర్మిట్‌ను తెలుగులో ఒక పేజీకి కుదించి మీరే వాడండి, దిగేవాడికి చదివి వినిపించాకే సంతకం తీసుకోండి.

6. ఎండ

బెజవాడ వేసవిని కొత్తగా వర్ణించక్కర్లేదు. కాటన్ కవరాల్, హెల్మెట్, బూట్లు వేసుకుని ఇనుప ట్యాంకు మీద నిలబడేవాడికి ఆ ఎండ ఇంకా ఎక్కువ. కష్టమైన పనిని ఉదయం పదింటి లోపు, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టండి. పదిహేను ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్లు, దాహం వేసినా వేయకపోయినా. గంటల తరబడి చెమట పడితే ఓఆర్‌ఎస్ కలిపినవి, లేదా ఉప్పు వేసిన మజ్జిగ. కొత్తగా చేరినవాడికి మొదటి రోజు ఎండలో ఐదో వంతు పనే ఇవ్వండి, రోజుకు అంతంత పెంచుకుంటూ పొండి. వడదెబ్బకు ఎక్కువగా బలయ్యేది చేరిన మొదటి రోజుల్లోనే. మాట తడబడినా, అయోమయంగా చూసినా తాగించడానికి ప్రయత్నించకండి. నీడకు చేర్చి, ఒంటినిండా చల్లటి నీళ్లు పోస్తూ, విసురుతూ 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా చల్లార్చడం ఆపొద్దు.

7. చప్పుడు, బరువు, నిద్ర

చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే అక్కడ శబ్దం 85 డెసిబెల్స్ దాటిందనుకోవచ్చు. పంపు హౌసు, జనరేటరు గది, సిలిండర్లు ఢీకొనే బాట్లింగ్ షెడ్డు, ఇవన్నీ అలాంటివే. ముందు యంత్రాన్ని బిగించి, మూత వేసి, గోడ కట్టి తగ్గించండి. తర్వాతే చెవి ప్లగ్గులు.

నిండు వంట సిలిండరులో గ్యాస్ 14.2 కిలోలే, ఇనుముతో కలిపి 30 కిలోల దాకా ఉంటుంది. లిఫ్టు లేని అపార్టుమెంటులో దాన్ని భుజాన మూడో అంతస్తుకు మోసే డెలివరీ కుర్రాడి నడుము సంగతి ఏజెన్సీలు పట్టించుకోవాలి. చక్రాల బండి, ఇద్దరు మనుషులు, రోజుకు ఇన్నేనని పరిమితి ఉండాలి. డ్రైవర్లకు మూడు రోజుల ప్రమాదకర సరుకుల శిక్షణ సర్టిఫికెట్ ఉందో లేదో అందరూ చూస్తారు. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడో కూడా అడగండి.

8. మాస్కు, గ్లోవ్స్ చివర్లో

పై పనులన్నీ చేశాక మిగిలిన దానికోసమే ఇవి. గుడ్డ మాస్కు, ఎన్-95 మాస్కు పెట్రోలు ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. గడ్డం ఉంటే అది ముఖానికి అంటుకోదు, పక్క నుంచి గాలి పోతుంది. ఆక్సిజన్ తక్కువున్న చోట ఏ క్యాట్రిడ్జూ పనిచేయదు, బయటి గాలి సరఫరా ఉన్న సెట్టే వాడాలి. గ్లోవ్స్ నైట్రైల్‌వి కొనండి. తోలు, నూలు గ్లోవ్స్ పెట్రోలు పీల్చుకుని తడిగుడ్డ కట్టినట్టు చేతికి పట్టేస్తాయి.

9. రక్త పరీక్ష, పనివాడి పేరుతో ఒక ఫైలు

పనిలో చేరే ముందే మొదటి పరీక్ష జరగాలి, లేకపోతే తర్వాత దేనితో పోల్చుకుంటాం? ప్లేట్‌లెట్లతో సహా పూర్తి రక్తకణాల లెక్క, ఊపిరితిత్తుల పరీక్ష, వినికిడి పరీక్ష, చర్మం చూడటం. వినికిడి పరీక్షకు ముందు రోజు సాయంత్రం నుంచీ చప్పుడుకు దూరంగా ఉంచాలి. ఆవిరి ఎక్కువ తగిలే పనివాళ్లకు రక్తపరీక్ష ఆర్నెల్లకోసారి, మిగతావాళ్లకు ఏడాదికోసారి చేయించడం మంచిది. చమురు రంగానికి ఓఐఎస్‌డీ 166 అనే ఆరోగ్య పర్యవేక్షణ మార్గదర్శకం ప్రత్యేకంగా ఉంది, మీ డాక్టరు చేతిలో పెట్టండి.

రిపోర్టు చదివే తీరే అన్నిటికన్నా ముఖ్యం. ల్యాబ్ కాగితం మీద తెల్లకణాలు 4,000 నుంచి 11,000 మధ్య ఉంటే మామూలే అంటుంది. ఒక మనిషికి చేరినప్పుడు 7,800, ఏడాదికి 6,100, ఇంకో ఏడాదికి 4,600 అనుకోండి. మూడు కాగితాలూ "నార్మల్" అంటాయి. పక్కపక్కన పెడితే మాత్రం పడిపోతున్నట్టు స్పష్టంగా కనిపిస్తుంది. వైరల్ జ్వరానికీ కణాలు తగ్గుతాయి కాబట్టి రెండు మూడు వారాలాగి, అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించండి. అప్పటికీ తక్కువే ఉంటే అతన్ని జీతం తగ్గించకుండా ఆవిరి లేని పనికి మార్చి, రక్త వ్యాధుల డాక్టరుకు చూపించండి. ఆ తర్వాత అతను చేసిన పనిని మళ్లీ కొలవండి. ఒకరికి తగ్గిందంటే పక్కవాడూ అదే గాలి పీలుస్తున్నాడు. షుగరు, బీపీ లాంటి మిగతా వివరాలు యజమానికి అక్కర్లేదు, ఈ పనికి సరిపోతాడా లేదా అన్నంతవరకే డాక్టరు చెప్పాలి. పరీక్షను ఉద్యోగం తీసేయడానికి వాడిన చోట రెండోసారి ఎవరూ నిజం చెప్పరు.

10. కాంట్రాక్టు మనిషి ఎవరి మనిషి?

2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి, 40 ఏళ్లు దాటినవాళ్లకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష చేయించాలి. నన్నడిగితే పెట్రోలు పనిలో నలభై దాకా ఆగడం చాలా ఆలస్యం, ఇరవై ఏళ్లకు చేరిన కుర్రాడికి అప్పటికే ఇరవై ఏళ్ల ఆవిరి లోపలికి పోయి ఉంటుంది. బెంజీన్ విషప్రభావం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉంది, గుర్తించిన డాక్టరు, యజమాని ఇద్దరూ తెలియజేయాలి. నెల జీతం 21,000 రూపాయల లోపున్న వాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తే, పని వల్ల వచ్చిన జబ్బును పనిలో తగిలిన గాయంగానే లెక్కిస్తారు. ఈ వైపు వాళ్లకు గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. అక్కడ డాక్టరు "ఏం పని చేస్తావు?" అని అడిగితే "ప్రైవేటు జాబు" అని చెప్పొద్దు. ఎన్నేళ్లుగా, ఏ ట్యాంకరు మీద, రోజుకు ఎన్ని లోడ్లు అనేది చెప్పి కేసు షీటులో రాయించుకోండి. క్లెయిము నిలబడేది ఆ వాక్యం మీదే.

కాంట్రాక్టరు మారితే మనిషి అక్కడే ఉంటాడు, ఫైలు మాత్రం పాత కాంట్రాక్టరు బీరువాలో పోతుంది. దీనికి ఒకటే మార్గం. ప్రతి రిపోర్టు జిరాక్సు వచ్చిన రోజే పనివాడి చేతికివ్వండి, ఫోనులో ఫొటో తీయించండి. మానేసే రోజున ఆఖరి జీతంతో పాటు ఏ పనులు ఎన్నేళ్లు చేశాడో రాసిన ఒక కాగితం, గాలి కొలతల నకలు కలిపి ఇవ్వండి. జబ్బు పదేళ్ల తర్వాత బయటపడినా, ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు ముందు అతను పెట్టగలిగేది ఆ కట్ట ఒక్కటే.